జీన్స్‌లో 40 కిలోమీటర్లు: సైకిల్ కొన్నాక గ్యాడ్జెట్స్ కంటే ముందు కొనాల్సినవి ఇవే

ఇక్కడ నేను ఇప్పటిదాకా రాసినవన్నీ ఫోన్లు, ఇయర్‌బడ్స్, స్మార్ట్‌వాచ్‌ల గురించే. ఈసారి బ్యాటరీ లేని, ఛార్జర్ అక్కర్లేని, అప్‌డేట్లు రాని వస్తువుల గురించి రాస్తున్నా. అవే సైక్లింగ్ బట్టలు. "గ్యాడ్జెట్ సైట్‌లో చెడ్డీల రివ్యూ ఏంటి బ్రో" అని నవ్వుకోకండి. పోయినేడాది నా సైకిల్ అమ్మకానికి వెళ్లబోయింది. దానికి కారణం గేర్లూ కాదు, టైర్లూ కాదు. నేను వేసుకున్న ప్యాంటు.

విషయానికొస్తే, ఆఫీసు హెల్త్ చెకప్‌లో నా హెచ్‌బీఏ1సీ 5.9 వచ్చింది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్ అంటారు. నాన్నకి ఆల్రెడీ షుగర్ ఉంది. నాకేమో 27 ఏళ్లు, రోజుకి పదిగంటలు కుర్చీలో. డాక్టర్ గారు "మందులు ఇప్పుడే వద్దు, ముందు కదులు బాబూ" అన్నారు. జిమ్ నాకు పడదు కాబట్టి సైకిల్ కొన్నా. 28 వేలు పెట్టి హైబ్రిడ్ బైక్, దాని మీద జీపీఎస్ కంప్యూటర్, కేడెన్స్ సెన్సర్, ఛాతీకి కట్టుకునే హార్ట్ రేట్ స్ట్రాప్. మన జాతి సంగతి మీకు తెలిసిందేగా, ముందు డేటా రావాలి! బట్టలు మాత్రం కాలేజీ ఫెస్ట్‌లో ఇచ్చిన కాటన్ టీషర్టు, ఉన్న జీన్స్.

మూడో ఆదివారం ఓఆర్ఆర్ పక్కన ఉన్న సోలార్ సైకిల్ ట్రాక్‌కి వెళ్లా. 2023 అక్టోబర్‌లో ఓపెన్ చేసిన 23 కి.మీ. ట్రాక్ అది. పైన సోలార్ ప్యానెళ్ల నీడ, కింద నున్నటి దారి. ఇంటి నుంచి వెళ్లి రావడంతో కలిపి 40 కి.మీ. అయింది. హార్ట్ రేట్ గ్రాఫ్ అద్భుతంగా వచ్చింది. మర్నాడు పొద్దున కుర్చీలో కూర్చోలేకపోయా. తొడల లోపల చర్మం లేచిపోయింది, కూర్చునే చోట సెగ్గడ్డ వచ్చింది. పన్నెండు రోజులు సైకిల్ ముట్టుకోలేదు. స్టాండప్ మీటింగ్‌కి నిజంగానే నిలబడ్డా. చివరికి ఫోటోలు తీసి, సైకిల్ అమ్మకానికి పెట్టేశా.

అప్పుడు నాన్న ఒక మాట అడిగారు. "నేను ఇరవై ఏళ్లు స్కూలుకి సైకిల్ మీదే వెళ్లానురా. మామూలు ప్యాంటే. నాకెప్పుడూ ఇలా అవ్వలేదే?"

మంచి ప్రశ్న. ఈ ఆర్టికల్ అంతా దానికి జవాబే.

నాన్న సైకిల్ వేరు, నా సైకిల్ వేరు

నాన్నది పాత నల్ల సైకిల్. హ్యాండిల్ ఎత్తుగా, సీటు వెడల్పుగా, కింద స్ప్రింగులు. నిటారుగా కూర్చుని, నెమ్మదిగా ఆరేడు కిలోమీటర్లు తొక్కేవారు. ప్యాంటు అంచు చైన్‌లో పడకుండా మడిచి రబ్బర్ బ్యాండ్ వేసేవారు. ఆ పనికి ఆ బట్టలు సరిపోతాయి.

ఇప్పటి రోడ్ బైక్, హైబ్రిడ్ బైక్‌ల మీద మనం ముందుకి వంగుతాం. సీటు సన్నగా, గట్టిగా ఉంటుంది. నిమిషానికి 80 సార్లు పెడల్ తిప్పితే గంటకి 4,800 సార్లు ఒక్కో తొడ సీటుకి రాసుకుంటుంది. జీన్స్‌లో కాళ్ల మధ్య నాలుగు లావు కుట్లు కలిసే చోటు ఒకటుంటుంది చూశారా, సరిగ్గా దాని మీదే మన బరువు పడుతుంది. దానికి చెమట తోడైతే చర్మం మెత్తబడి ఇంకా త్వరగా చిట్లుతుంది. ఒత్తిడి, రాపిడి, తడి, బ్యాక్టీరియా అన్నీ ఒకే చోట చేరితే వచ్చేదే శాడిల్ సోర్.

అంటే తప్పు సైకిల్‌ది కాదు, నాదీ కాదు. కాన్ఫిగరేషన్ తప్పు. యాడ్ తీసేశా.

ప్యాడెడ్ షార్ట్స్: మొదటి ఖర్చు ఇక్కడే

సైక్లింగ్ షార్ట్స్ లోపల కుట్టే ప్యాడ్‌ని షామీ అంటారు. ఒకప్పుడు అక్కడ నిజంగానే షామీ అనే మెత్తటి తోలు వాడేవారు, ఆ పేరే మిగిలిపోయింది. పాత రోజుల్లో పోటీలకి ఉన్ని షార్ట్స్ వేసుకునేవారు. సాగే దారం, అంటే లైక్రా, 1958లో డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ అనే కెమిస్ట్ కనిపెట్టాడు. సైక్లింగ్ షార్ట్స్‌లోకి అది వచ్చేసరికి 1970లు వచ్చాయి. ఇప్పుడు ప్యాడ్ ఫోమ్, జెల్‌తో చేస్తున్నారు.

కొనేటప్పుడు మనం చేసే తప్పు ఏంటంటే, ప్యాడ్ ఎంత మందంగా ఉంటే అంత మంచిదనుకోవడం. కెమెరా విషయంలో మెగాపిక్సెల్స్ చూసి మోసపోయినట్టే ఇది. చూడాల్సింది మందం కాదు, డెన్సిటీ. మెత్తటి లావు ఫోమ్‌ని షాపులో నొక్కితే హాయిగా ఉంటుంది, కానీ అరగంట కూర్చునేసరికి పూర్తిగా అణిగిపోతుంది. గట్టి ఫోమ్ పల్చగా ఉన్నా గంటల తరబడి బరువు మోస్తుంది. కొన్ని కంపెనీలు డెన్సిటీ నంబర్ లేబుల్ మీదే ఇస్తాయి. ఇవ్వకపోతే బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. అవతలి వేలు తగిలేంతగా అణిగితే వదిలేయండి.

ఇక అందరూ అడగడానికి మొహమాటపడే విషయం. ప్యాడెడ్ షార్ట్స్ లోపల అండర్‌వేర్ వేసుకోకూడదు. అవును, నిజంగానే. ఆ ప్యాడ్‌ని నేరుగా ఒంటికి ఆనేలా, మధ్యలో కుట్టు లేకుండా తయారు చేస్తారు. లోపల ఇంకోటి వేస్తే మళ్లీ కుట్లు, మళ్లీ కాటన్, మళ్లీ తడి. నాకు తెలియక మొదటి నెలంతా వేసుకున్నా. "ప్యాడ్ ఉన్నా తేడా ఏం లేదే" అని తిట్టుకున్నా కూడా.

మగవాళ్లకి, ఆడవాళ్లకి ప్యాడ్ ఆకారం వేరు. కూర్చునే ఎముకల మధ్య దూరం వేరు కాబట్టి, ప్యాడ్ వెడల్పు, మందంగా ఉండే చోటు మారతాయి. "యూనిసెక్స్" అని రాసున్న చవక షార్ట్స్ దగ్గర కాస్త జాగ్రత్త. సైజు విషయానికొస్తే, నిలబడినప్పుడు కొంచెం బిగుతుగా, సైకిల్ మీద వంగినప్పుడు సరిగ్గా ఉండాలి. వదులుగా ఉంటే ప్యాడ్ జరుగుతుంది, జరిగితే అదే రాసుకుంటుంది.

భుజాల మీదకి పట్టీలుండే బిబ్ షార్ట్స్ ఇంకా బాగుంటాయి, నడుం దగ్గర ఎలాస్టిక్ కోసుకోదు. కానీ బాత్రూమ్‌కి వెళ్లాలంటే పైన జెర్సీ కూడా విప్పాలి. గంటన్నర లోపు రైడ్లకి మామూలు షార్ట్స్ చాలు.

లిఫ్ట్‌లో ఇబ్బంది

మొదటిసారి లైక్రా వేసుకుని హాల్లోకి వస్తే అమ్మ టీ గ్లాసు పక్కన పెట్టి మరీ చూసింది. "ఏంట్రా ఈ వేషం? ఇలాగే బయటికి వెళ్తావా? నాలుగో ఫ్లోర్ ఆంటీ చూస్తే ఏమనుకుంటుంది?" నిజం చెప్పాలంటే నాకూ అదే భయం. చాలామంది ఈ ఒక్క కారణంతోనే ప్యాడెడ్ షార్ట్స్ కొనరు.

దీనికి సింపుల్ దారి ఉంది. లోపల ప్యాడెడ్ లైనర్, పైన వదులు షార్ట్స్. మౌంటెన్ బైక్ వాళ్లు ఎటూ ఇలాగే వేసుకుంటారు. మా టీమ్‌లో ఒకావిడ లైనర్ మీద ట్రాక్ ప్యాంటు వేసి, చీలమండ దగ్గర వెల్‌క్రో పట్టీ కట్టుకుని ఆఫీసుకి వస్తారు. కుర్తా, చున్నీ బ్యాగ్‌లో పెట్టుకుంటారు. చున్నీ మాత్రం సైకిల్ మీద అసలు వద్దు, చక్రంలో చుట్టుకుంటే మెడకే ప్రమాదం.

పైన టీషర్టు: ఇది కూలింగ్ సిస్టమ్

ఇక్కడ మన భాషలో మాట్లాడుకుందాం. మనిషి శరీరం సైక్లింగ్‌లో సుమారు 20 నుంచి 25 శాతం ఎఫిషియెన్సీతో పనిచేస్తుంది. అంటే పెడల్స్ మీద 150 వాట్లు పెడితే, ఇంకో 450 నుంచి 600 వాట్లు వేడిగా బయటికి పోవాలి. గేమింగ్ లాప్‌టాప్‌లు రెండు మూడు ఒంటికి కట్టుకున్నట్టు! ఆ వేడిని తీసేసే మెయిన్ కూలర్ చెమట. ఒక లీటరు చెమట ఆవిరైతే దాదాపు 24 లక్షల జౌళ్ల వేడి తీసుకుపోతుంది. 500 వాట్ల వేడి మొత్తం చెమట ద్వారానే పోవాలంటే గంటకి ముప్పావు లీటరు ఆవిరవ్వాలి.

గమనించండి, ఆవిరవ్వాలి. కారి కింద పడిన చెమట చల్లబరచదు. కాటన్ తడిని తన దారాల లోపలికి పీల్చుకుని అట్టిపెట్టుకుంటుంది. బరువెక్కి ఒంటికి అతుక్కుంటుంది. పాలిస్టర్ దారం లోపలికి తడి దాదాపు వెళ్లదు. మంచి నేతలో చెమట దారాల మధ్య సందుల్లోంచి బయటి వైపుకి పాకి, అక్కడ గాలికి ఆరిపోతుంది. "డ్రై ఫిట్" లాంటి పేర్ల వెనక ఉన్న సంగతి ఇంతే. నెమ్మదిగా మార్కెట్ దాకా వెళ్లొచ్చే పనికి కాటన్ హాయే. గంట దాటిందా, పాలిస్టర్ జెర్సీ వేసుకోవాల్సిందే. మే నెల ఎండలో, లేదా వైజాగ్ లాంటి ఉక్కపోత ఊళ్లో ఈ తేడా పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

స్పెక్ షీట్‌లో జీఎస్ఎమ్ చూడండి, అది చదరపు మీటరు బట్ట బరువు గ్రాముల్లో. మన ఎండలకి 150 లోపు ఉంటే మేలు. యూపీఎఫ్ 50 అని ఉంటే యూవీలో యాభైలో ఒక వంతే లోపలికి వస్తుందని అర్థం. చేతులకి ఆర్మ్ స్లీవ్స్ వేసుకుంటే సన్‌స్క్రీన్ కారిపోయే గోల ఉండదు, రెండు వందల్లో దొరుకుతాయి.

రోడ్ మీద వేగం పెరిగేకొద్దీ బిగుతు బట్టలకి ఇంకో ప్రయోజనం ఉంది. గాలి నిరోధాన్ని దాటడానికి కావాల్సిన పవర్ వేగానికి ఘనం చొప్పున పెరుగుతుంది. 20 నుంచి 30 కి.మీ. స్పీడ్‌కి వెళ్తే అది మూడు రెట్లు దాటుతుంది. టపటపా కొట్టుకునే టీషర్టు అక్కడ చిన్న పారాచూట్ లాంటిదే. కానీ మీ సగటు 18 అయితే దీని గురించి పట్టించుకోకండి. నాది 19.

ఫోన్ ఎక్కడ పెట్టాలి?

ఇది గ్యాడ్జెట్ సైట్ కదా, ఇది చెప్పకపోతే ఎలా. రోడ్ జెర్సీకి వెనక నడుం దగ్గర మూడు జేబులుంటాయి. ముందు జేబులో పెడితే వంగినప్పుడు ఫోన్ కడుపుకి గుచ్చుకుంటుంది, ప్యాంటు జేబులో పెడితే ప్రతి పెడల్‌కీ తొడని కొడుతుంది. వెనక జేబే కరెక్ట్. కాకపోతే నడి జేబులో వద్దు, వెల్లకిలా పడితే వెన్నుకి, నేలకి మధ్య గట్టి వస్తువు ఉంటుంది. పక్క జేబులో పెట్టండి.

"నా ఫోన్ ఐపీ68, చెమటకి ఏమవుతుంది" అనుకోకండి. ఆ టెస్ట్ మంచినీళ్లతో చేస్తారు, ఉప్పు చెమటతో కాదు. నా పాత ఫోన్ ఛార్జింగ్ పోర్ట్ ఇలాగే పాడైంది. జిప్‌లాక్ కవర్ చాలు, పది రూపాయల పని. మట్టి దారుల్లో అయితే ఫోన్‌ని హ్యాండిల్ మౌంట్‌కి కూడా పెట్టను. వణుకుడు ఎక్కువ, పైగా కొమ్మ తగిలితే మొదట పోయేది స్క్రీనే.

కొండ దారి వేరే కథ

అనంతగిరి గుట్టలు హైదరాబాద్‌కి సుమారు 80 కి.మీ. దూరం, వికారాబాద్ దగ్గర. ఫ్రెండ్ మౌంటెన్ బైక్ ఇస్తే వెళ్లా, నా రోడ్ లైక్రా వేసుకుని. మొదటి ముళ్లపొద దగ్గరే తొడ మీద జానెడు చిరిగింది. పాఠం నంబర్ రెండు.

మట్టి దారిలో వేగం తక్కువ, పడటం ఎక్కువ. సీటు మీద కూర్చునే సమయం కూడా తక్కువే, గుంతల దగ్గర లేచి నిలబడతాం. అందుకే అక్కడ గాలి నిరోధం కంటే బట్ట గట్టిదనం ముఖ్యం. వదులుగా, మోకాళ్ల దాకా వచ్చే దళసరి షార్ట్స్, లోపల లైనర్. మోకాళ్లకి ప్యాడ్స్. చేతులకి వేళ్లన్నీ కప్పే గ్లవ్స్. కళ్లకి అద్దాలు, ముందు సైకిల్ లేపే మట్టి నేరుగా మొహానికే వస్తుంది.

గ్లవ్స్ రోడ్ మీద కూడా ముఖ్యమే. పడబోతే మనం మొదట చాపేది అరచెయ్యి. ఇంకోటి, హ్యాండిల్ మీద బరువు ఎక్కువసేపు పడితే అరచేతిలో చిటికెన వేలి వైపు వెళ్లే నరం నొక్కుకుపోతుంది. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతాయి. టైపింగ్‌తో బతికేవాళ్లం మనం, నాకు ఒక సాయంత్రమంతా ఎంటర్ నొక్కడమే తెలియలేదు. ఆ వైపు మెత్త ఉన్న గ్లవ్స్ తీసుకోండి, పది నిమిషాలకోసారి చేతులు మార్చి పట్టుకోండి.

ఇంకాస్త ఎత్తుకి వెళ్తే చలి సంగతి. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. డిసెంబర్‌లో ఘాట్ ఎక్కేటప్పుడు చెమటతో తడిసి ముద్దయ్యా. దిగేటప్పుడు అదే తడి బట్టకి 40 కి.మీ. గాలి కొడితే బ్రేక్ నొక్కే వేళ్లు కూడా వణికాయి. ఘాట్ రోడ్డు మలుపుల్లో బ్రేక్ పట్టలేకపోవడమంటే ఏంటో ఊహించుకోండి. టీ కొట్టు దగ్గర ఆగి, పాత న్యూస్‌పేపర్ అడిగి జెర్సీ లోపల ఛాతీకి అడ్డం పెట్టుకున్నా. ఇది నా ఐడియా కాదు, యూరప్ రేసర్లు పర్వతాలు దిగేటప్పుడు వాడిన పాత చిట్కా. పనిచేసింది. ఇప్పుడు మాత్రం మడిస్తే పిడికిలిలో పట్టే విండ్ జాకెట్ వెంట ఉంటుంది. ఒక దళసరి స్వెటర్ కంటే రెండు పల్చటి పొరలు మేలు, కావాలంటే ఒకటి తీసేయొచ్చు.

కనిపించాలి

నవంబర్‌లో ఒక తెల్లవారుజామున, ఐదున్నరకి, సర్వీస్ రోడ్ మీద ఒక టిప్పర్ నా మోచేతికి అడుగు దూరంలో వెళ్లింది. డ్రైవర్ బ్రేక్ వేసి దిగాడు. తిడతాడనుకున్నా. "తమ్మీ, నువ్వు అస్సలు కనపడలే" అన్నాడు, అతని మొహం నాకంటే తెల్లగా ఉంది. నేను వేసుకుంది నల్ల జెర్సీ, నల్ల షార్ట్స్. స్టైల్‌గా ఉంటుందని.

అప్పటి నుంచి నల్ల జెర్సీ పగటికే. పగలు ఫ్లోరోసెంట్ పసుపు, నారింజ బాగా కనిపిస్తాయి. చీకట్లో మాత్రం ఆ రంగులు పెద్దగా పనికిరావు, వెలుతురుని తిప్పి కొట్టే రిఫ్లెక్టివ్ పట్టీ కావాలి. అది వీపు మీద కంటే చీలమండకి, మోకాలికి ఉంటే మేలు. పైకీ కిందకీ కదులుతుంది కాబట్టి అది స్తంభం కాదు, మనిషని డ్రైవర్‌కి త్వరగా అర్థమవుతుంది. పట్టీ ఉంది కదా అని వెనక ఎర్ర లైటు మాత్రం మానకండి.

ఉతకడం

రైడ్ అయ్యాక అందరం కలిసి టిఫిన్ సెంటర్‌లో తడి షార్ట్స్‌తోనే గంటసేపు కూర్చుంటాం. ఇడ్లీ బాగుంటుంది, చర్మానికి మాత్రం అదే పెద్ద దెబ్బ. వెంటనే మార్చుకోండి. ప్రతి రైడ్‌కీ ఉతికిన షార్ట్సే వేయండి. చల్లటి నీళ్లు, తిరగేసి ఉతకడం, నీడలో ఆరేయడం. ఫ్యాబ్రిక్ కండిషనర్ వద్దు. సువాసన కోసం అమ్మ వేసేది. అది దారాల మీద పొరలా పట్టేసి చెమట పాకే పనిని దెబ్బతీస్తుంది. ఎలాస్టిక్‌కీ మంచిది కాదు.

ఇంకో మాట. అన్నీ సరిగ్గా వేసుకున్నా ఒకే చోట నొప్పి, కాళ్ల మధ్య తిమ్మిరి వస్తుంటే బట్టలు మార్చి లాభం లేదు. సీటు ఎత్తు, వంపు, వెడల్పు సరిచూసుకోవాలి. గడ్డ పెరుగుతున్నా, జ్వరం వచ్చినా డాక్టర్ దగ్గరికే.

బడ్జెట్ పిక్

నేను పెట్టిన ఖర్చు, నేను మళ్లీ కొంటే పాటించే వరుస ఇది:

1. హెల్మెట్: 1,500. ఈఎన్ 1078 లేదా సీపీఎస్సీ సర్టిఫికేషన్ ఉందో లేదో లోపలి స్టిక్కర్ మీద చూడండి. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్నది మళ్లీ వాడకండి.
2. ప్యాడెడ్ షార్ట్స్ లేదా లైనర్: 1,400
3. గ్లవ్స్: 400
4. జెర్సీ: 700
5. ఆర్మ్ స్లీవ్స్: 200

మొత్తం 4,200. నా జీపీఎస్ కంప్యూటర్ ధరలో సగం కూడా లేదు. కేడెన్స్ సెన్సర్ బ్యాటరీ అయిపోయి మూడు నెలలైంది, ఇంకా మార్చలేదు. షార్ట్స్ మాత్రం లేకుండా ఒక్క రోజు కూడా బయటికి వెళ్లలేదు.

పోయిన నెల మళ్లీ టెస్ట్ చేయించా. 5.6 వచ్చింది. గీత కింద, బొటాబొటిగా. షార్ట్స్ వేసుకుంటే షుగర్ తగ్గదు, నాకూ తెలుసు. కానీ ఆ పన్నెండు రోజుల తర్వాత సైకిల్ మళ్లీ ఎక్కగలిగింది మాత్రం వాటి వల్లే. మీ బాల్కనీలో కూడా బట్టలారేసుకునే సైకిల్ ఒకటి ఉండే ఉంటుంది. అమ్మేముందు ఒకసారి ప్యాంటు మార్చి చూడండి.

అన్నట్టు, నాన్న ఈమధ్య ఆదివారాలు నా సైకిల్ తీసుకుని చెరువు దాకా వెళ్లొస్తున్నారు. మామూలు ప్యాంటే, కాలికి రబ్బర్ బ్యాండ్. నాలుగు కిలోమీటర్లకి అది చాలు. హెల్మెట్ మాత్రం నాదే పెట్టిస్తున్నా.